ఉడుము పట్టు

మా ట్రాలీకి రెండు బ్రేకులున్నాయి. ఒకటి నా చేతిలో ఉంటుంది. రెండోది ఎవరి చేతిలోనూ ఉండదు.

మైలవరం రోడ్డులో ఎర్రగట్టు కొండ మీది గుడికి మెట్లెక్కలేని వాళ్ళ కోసం పట్టాలు వేసి, ఇనప తాడు కట్టి, ఒక పెట్టెని పైకి లాగుతారు. పట్టుమని పది మంది ఎక్కితే నిండిపోతుంది. కింద మోటారు గదిలో, కొండ మీది కప్పీ చుట్టి వచ్చే ఆ తాడు చుట్టుకునే డ్రమ్ము, దాన్ని తిప్పే మోటారు, డ్రమ్ముని రెండు వైపులా నొక్కి ఆపే బ్రేకు ఉంటాయి. ఆ బ్రేకు లివరు నాది. నేను లివరు నొక్కి పట్టుకుంటేనే బండి కదులుతుంది. వదిలానా, స్ప్రింగు గుంజుకుని బ్రేకు పడిపోతుంది. నాకు తుమ్మొచ్చి చెయ్యి తీసినా బండి ఆగుతుందే తప్ప పరిగెత్తదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ట్రాలీ అనగానే ప్రతివాళ్ళూ "తాడు తెగితేనో" అని మొదలుపెడతారు. టికెట్టు కొనేదీ వాళ్ళే, పక్కవాళ్ళని భయపెట్టేదీ వాళ్ళే. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోతూ ఉంటుంది.

తాడు తెగితే రెండో బ్రేకుంది. అది పెట్టె అడుగునే ఉంటుంది. బండి ఉండాల్సిన దానికంటే జోరుగా వెనక్కి జారిందంటే రెండు ఇనప దవడలు పట్టాని కరిచి పట్టుకుంటాయి. ఇక ఎవరు చెప్పినా వదలవు. పెట్టెని మళ్ళీ కాస్త పైకి లాగితేనే ఊడతాయి. కంపెనీ వాళ్ళు దానికేదో పొడుగాటి పేరు పెట్టారు గానీ మేమంతా ఉడుము అంటాం. అప్పుడప్పుడు ఇసక బస్తాలు వేసి పరీక్ష చేసినప్పుడు తప్ప అది కరవడం నేనెప్పుడూ చూడలేదు. మొన్న ఆయుధపూజ నాడు చూశాను. ఆ వేళ పెట్టెలో ఉన్నది ఇసక బస్తాలు కాదు, మా అత్త.

మా అత్త పేరు కొండలమ్మ. నాగాయలంక దగ్గర పుట్టి, అక్కడే పెళ్ళాడి, గంపలో చేపలు పెట్టుకుని ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి అమ్మిన మనిషి. మా ఆయన నాగబాబు చేపల వ్యాను నడుపుతూ విజయవాడలో కాపురం పెట్టాక మాతోపాటు విద్యాధరపురం వచ్చేసింది. తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగిపోయాయి. నోరు మాత్రం ఇంకా కొత్తదే. మా మావ పేరయ్య పడవ లంగరు తాడు ఒకసారి గాలివానలో తెగిపోయింది. పడవ ఎక్కడికో కొట్టుకుపోయి, ఇక లేడనుకున్నాక మనిషి తిరిగొచ్చాడు. తర్వాత చాలా ఏళ్ళు బతికి మంచాన పోయాడు. కానీ ఆ రోజు నుంచీ మా అత్తకి తాడంటే నమ్మకం పోయింది. ఇంట్లో బట్టలారేసే దండెం మీద కూడా దుప్పటి వెయ్యనివ్వదు.

నేను ఐటీఐలో ఫిట్టరు చదివి ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒకే ఒక్కసారి నా బండెక్కమని ఆమెని బతిమాలుతూనే ఉన్నాను. కొండ మీద నరసింహస్వామిని చూడాలని ఆమెకీ ఉంది. మెట్లెక్కలేదు. ట్రాలీ ఎక్కదు.

"మగాళ్ళు నలుగురు కలిసి కట్టిన లంగరే తెగింది. నీ చేతిలో కర్రని నమ్మి కూచోమంటావా?" అనేది.

ఊళ్ళో వాళ్ళంతా నా చేతిని నమ్మి ఎక్కుతున్నారు. ఇంట్లో మనిషి ఎక్కదు. ఎవరేమనుకున్నా సరే, ఆ మాట నాకు గుచ్చుకునేది. ఎన్నిసార్లు అన్నా కొత్తగానే గుచ్చుకునేది.

ఆయుధపూజకి ఇంట్లో వాళ్ళని కూడా తీసుకురమ్మని మా ఇంజినీరు గంగాప్రసాద్ గారు చెప్పారు. నాగబాబు కైకలూరు లోడుకి పోయాడు. నేనూ అత్తా పులిహోర గిన్నె పట్టుకుని బస్సెక్కి వచ్చాం. పొద్దున్నే ఖాళీ పెట్టెని పైకీ కిందికీ నడిపి చూశాను, అంతా బాగానే ఉంది. తర్వాత మా ఎలక్ట్రీషియను సురేష్ మోటారుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, దీపం వెలిగించాడు. గుమ్మడికాయ కొట్టడానికి అందరం బయటికెళ్ళాం. మోకాళ్ళ నొప్పని అత్త మోటారు గదిలోనే స్టూలు మీద కూర్చుంది.

మేం తిరిగొచ్చేసరికి ఆమె లేచి నిలబడి ఉంది.

"ఎక్కుతానే. పద," అంది.

నేను విన్నది నిజమో కాదో అని ఆమె ముఖంలోకి చూశాను. ఎందుకు మనసు మారిందో అడగలేదు. అడిగితే మళ్ళీ మారుతుందని భయం. చెయ్యి పట్టుకుని పెట్టెలో ముందు సీటులో కూర్చోబెట్టాను. టికెట్ల దగ్గర కూర్చునే మాణిక్యం, ఆమె చెల్లెళ్ళూ మరుదులూ కూడా ఎక్కారు. సంతోషంతో నేను గదిలోకి నడిచానో ఎగిరానో నాకే తెలీదు. లివరు నొక్కాను. మోటారు మూలిగింది. మా అత్త నా బండిలో కొండెక్కుతోంది.

సగం దూరం పోయిందో లేదో కరెంటు పోయింది.

కరెంటు పోవడం మాకు కొత్తేం కాదు. లివరు వదిలేశాను. టక్కుమని బ్రేకు పడింది. పడిన చప్పుడు నేను విన్నాను. కానీ డ్రమ్ము ఆగలేదు.

మళ్ళీ నొక్కి వదిలాను. మళ్ళీ పడింది. డ్రమ్ము నా కళ్ళెదుటే వెనక్కి తిరుగుతోంది, మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా. గీక్కుంటూ తిరిగినా ఇంత భయం వేసేది కాదు. కిటికీలోంచి చూస్తే పెట్టె కిందికి వస్తోంది. వస్తున్న కొద్దీ జోరు పెరుగుతోంది. నేను అరిచానట. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. "అత్తా" అని అరిచావని సురేష్ అంటాడు.

అంతలో పట్టాల మీద ఖంగుమని ఒక మోత. పెట్టె ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. డ్రమ్ము ఇంకాస్త తిరిగి, తాడు వదులై, అదీ ఆగింది.

ఉడుము పట్టేసింది.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పట్టాల పక్కన రిపేర్ల కోసం కట్టిన మెట్ల మీద ఎలా పరిగెత్తానో తెలీదు. పెట్టె తలుపు తీస్తే అందరూ ఉన్నారు. మాణిక్యం ఏడుస్తోంది. ఆమె మరిది దేవుడి పేర్లన్నీ వరసగా చదువుతున్నాడు. మా అత్త రెండు చేతుల్తో ముందు కమ్మీని పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. ఎవరికీ గీరుకుపోయిన గాయం కూడా లేదు. నేను ఒక్కొక్కళ్ళనీ తడిమి చూసుకున్నాను.

"చూశావా? నే చెప్పలా?" అంది అత్త.

అంత సంతోషంలోనూ నాకు ఆ మాట చురుక్కుమంది. "తాడు తెగలేదత్తా. చూడు, అదుగో తాడు," అన్నాను. ఆమె చూడలేదు.

గంగాప్రసాద్ గారికి ఫోను చేశాను. ఆయన గొల్లపూడిలో ఇంటి దగ్గర పూజలో ఉన్నారు. "ఉడుము పట్టిందిగా, ఇక రేపటిదాకా అయినా వదలదు. మనుషుల్ని మెల్లిగా దింపెయ్యి. నేను కొత్త బ్రేకు లైనింగులు పట్టుకుని బయల్దేరుతున్నా," అన్నారు. ఆయన గొంతులో తొందర లేకపోవడం నాకు ధైర్యమిచ్చింది.

మాణిక్యం వాళ్ళంతా మెట్ల మీదుగా దిగిపోయారు. మా అత్త దిగలేదు. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి, ఆమె మోకాళ్ళు ఒక్క మెట్టుకి కూడా ఒప్పుకోవు. సురేష్, మాణిక్యం మరుదులు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తామన్నారు.

"నన్ను నలుగురు మోసేది ఒక్కసారే. ఆ రోజు నేనేం అడ్డం చెప్పను. ఇయ్యాళ మాత్రం మొయ్యనియ్యను," అంది.

ఆమెకి మంచినీళ్ళ సీసా ఇచ్చి, అసలేమైందో చూద్దామని కిందికి దిగాను. కరెంటు అప్పటికే వచ్చేసింది. బ్రేకు దగ్గర డ్రమ్ము అంచు మీద వేలు పెట్టాను. వేలు జర్రున జారింది. వాసన చూస్తే నువ్వుల నూనె.

నా కోపం సంగతి కొండ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పూజ చేసింది సురేష్, కాబట్టి సురేష్ మీద పడ్డాను. బుద్ధుందా అన్నాను. కళ్ళు నెత్తికెక్కాయా అన్నాను. నూనె పూసిన చేతులు పడిపోవాలన్నాను. వాడు "అక్కా, నేను మోటారుకి పసుపు రాశాను గానీ బ్రేకు జోలికి పోలేదక్కా, ఒట్టు," అని గోడకి అతుక్కుపోయాడు. నేను వినలేదు. గుమ్మంలోకి లాక్కొచ్చి, మాణిక్యం వాళ్ళ ముందు కూడా మొదటి నుంచీ తిట్టడం మొదలుపెట్టాను.

"ఏంటే ఆ గోల?" అని పైనుంచి అత్త కేకేసింది. గంపతో వీధులు తిరిగిన గొంతు, కొండంతా వినపడుతుంది.

"ఎవడో వెధవ బ్రేకుకి నూనె పూశాడత్తా! అందుకే జారింది!"

పైనుంచి మళ్ళీ అదే గొంతు.

"వెధవ కాదు, నేనే పూశా! తిట్టేదేదో నన్ను తిట్టు, ఆ పిల్లోణ్ణెందుకే?"

మెట్ల దగ్గర నిలబడ్డ జనం ఒక్కసారి గొల్లున నవ్వారు. సురేష్ గోడ వదిలి నా ముఖంలోకి చూశాడు. అప్పటిదాకా నేను విసిరిన మాటలన్నీ పోయి ఎవరికి తగిలాయో తెలిసి నాలుక కరుచుకున్నాను.

ఆశ్చర్యపోవాల్సిందేం లేదు. ఇనుము కనపడితే మా అత్త నూనె రాయకుండా ఉండలేదు. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి నూనె తగలని ఇనుము నెల తిరక్కుండా పొట్టు రేగిపోతుంది. పడవ మేకులకీ, కత్తిపీటకీ, తలుపు గొళ్ళేలకీ నూనె రాసుకుంటూ బతికిన వాళ్ళు. ఇక్కడికొచ్చాక నాగబాబు వ్యాను తలుపులకీ రాస్తుంది, ఇంటి గేటుకీ రాస్తుంది. మేం గుమ్మడికాయ కొడుతుంటే దీపం పక్కన సీసాలో నూనె ఉంది, ఎదురుగా పొడిగా ఇంత పెద్ద చక్రం ఉంది. ఇంకేం కావాలి? పొడిగా ఉంటేనే ఆ చక్రం ఆగుతుందని ఆమెకెవరు చెప్పారు? అంతా అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు. ఆమె కిందికి రావాలేగానీ, అనాల్సిన మాటలన్నీ వరసలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

గంగాప్రసాద్ గారు వచ్చి, నూనె ముట్టుకుని, సంగతి విని, నవ్వాలో ఏడవాలో తెలీనట్టు నిలబడ్డారు. "మోటారు గదిలో మనుషుల్ని కూర్చోబెట్టడం మన తప్పు. పూజకి రమ్మన్నది నేనే," అన్నారు. దీపం ఆర్పేసి, బైకులోంచి పెట్రోలు తీసి డ్రమ్ముని గుడ్డలతో తుడిచి తుడిచి ఎండబెట్టాం. డ్రమ్ముకి ఒరుసుకుని నూనె పీల్చిన పాత లైనింగులు ఊడదీసి కొత్తవి బిగించాం. బోల్టు మీద స్పానరు ఒకటికి రెండుసార్లు జారవిడిచాను. ఆయన చూశారు.

"నాగమల్లేశ్వరీ, ఈ ఒక్కసారికి లివరు నేను పట్టుకుంటాను. నువ్వెళ్ళి ఆవిడ పక్కన కూర్చో," అన్నారు.

నాకు పెద్ద బరువు దించినట్టయింది. మెట్లెక్కి పెట్టెలోకెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను.

"బాగుచేశామత్తా. ఇక కదులుతుంది. నేను నీ పక్కనే ఉంటాను, భయపడకు."

"మరి కింద కర్ర ఎవరు పట్టుకుంటారు?"

"ఇంజినీరు గారు. చాలా పెద్ద చదువు చదివారు."

"చదివితే చదివారు. ఆయన చెయ్యెట్టాంటిదో నాకేం తెలుసు? నువ్వు దిగు." నా భుజం మీద చెయ్యి వేసి నెట్టింది. "నువ్వు కింద ఉన్నావంటేనే నేనిక్కడ కూచుంటా. పో, పోయి నీ పని చూసుకో."

ఇంట్లో మనిషి నోట ఆ మాట వినాలని నేను మూడేళ్ళుగా కాచుకుని ఉన్నాను. చివరికి బ్రేకు తప్పి, బండి జారి, ఇక ఎవరూ నన్ను నమ్మరనుకున్న రోజున విన్నాను. దిగి వచ్చేశాను. మెట్ల మీద కళ్ళు తుడుచుకున్నాను, కాళ్ళ కింద మెట్టు కనపడాలి కదా.

గంగాప్రసాద్ గారు పక్కకి తప్పుకుని లివరు నాకిచ్చారు. ముందు సురేష్ పెట్టె చక్రాల వెనక కొయ్యదిమ్మలు పెట్టాడు. మోటారు వేసి జానెడు పైకి లాగాను. ఉడుము పట్టాని వదిలిన చప్పుడు కిందికి వినిపించింది. ఇప్పుడిక బరువంతా నా బ్రేకు మీదే. లివరు వదిలాను.

టక్కుమని పడింది. డ్రమ్ము అక్కడే ఆగింది.

"దిమ్మలకి తగల్లేదక్కా! వెంట్రుకంత కూడా జారలేదు!" అని పైనుంచి సురేష్ అరిచాడు. ఇందాక నేను అన్ని తిట్లు తిట్టిన ఆ పిల్లాడి గొంతు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలీదు. ఇంకో రెండుసార్లు లాగి చూశాం. రాయిలా నిలబడింది. గంగాప్రసాద్ గారు తల ఊపి, ఇక నిదానంగా దించెయ్యమన్నారు. అత్తకి ఫోను చేసి, కిందికి తెస్తున్నానని చెప్పాను.

"కిందికెందుకు? పైకి పోనీ. ఇంతసేపు సగం దారిలో కూచోబెట్టి, ముఖం చూపించకుండా పంపిస్తాడా ఆ సామి?"

గంగాప్రసాద్ గారు నుదురు కొట్టుకున్నారు. తర్వాత, "సరే. ఉడుమైతే పని చేస్తుందని చూశాం కదా," అన్నారు.

సురేష్ దిమ్మలు తీసేశాడు, పెట్టె కొండెక్కింది. మాణిక్యం మరుదులు మెట్ల మీదుగా ముందే పైకి చేరి, అత్తని చెయ్యి పట్టి గుళ్ళోకి నడిపించారు. తర్వాత ఆమెని కిందికి దించడం ఉంది, అసలు పరీక్ష అదే. అంత నెమ్మదిగా నేనెప్పుడూ బండి దించలేదు. కొంచెం వదిలి, కొంచెం పట్టి, మళ్ళీ వదిలి. పట్టిన ప్రతిసారీ బ్రేకు పట్టుకుంది. పెట్టె వచ్చి కింది గట్టుకి ఆనుకున్నాక లివరు వదిలి, డ్రమ్ము నిలబడిందో లేదో ఇంకోసారి చూసుకున్నాను. మెట్ల దగ్గర జనం చప్పట్లు కొడుతున్నారు. గంగాప్రసాద్ గారు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. "ఇవాళ్టికి బండి బంద్. రేపు మొత్తం మళ్ళీ చూశాకే జనాన్ని ఎక్కిస్తాం," అన్నారు.

అత్త నుదుటి మీద సిందూరంతో, మాణిక్యం చెయ్యి పట్టుకుని మోటారు గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. వరసలో పెట్టుకున్న మాటల్లో మొదటిది తీశాను.

"ఎందుకు చేశావత్తా? చెప్పకుండా ఎందుకు ముట్టుకున్నావు? ఇదేమన్నా మన గేటు గొళ్ళెమా?"

ఆమె నా ముఖంలోకి చూడలేదు. లివరు వైపు చూసింది.

"రోజూ నువ్వు ఇంటికొచ్చి అన్నం చేత్తో కలుపుకోలేక చెంచాతో తింటన్నావు. జడ కూడా ఎడం చేత్తోనే ముడేసుకుంటన్నావు. నాకు కళ్ళు లేవనుకున్నావా? ఇందాక ఆ కర్ర కదిపి చూశా. ఎంత బరువుందే అది! కీలు బిగుసుకుపోయిందనుకున్నా. కీలుకి రాసి, మిగిలింది ఆ చక్రానికి కూడా పూశా. ఇక తేలిగ్గా తిరుగుద్ది, నీ చేతికి సుఖంగా ఉంటదనుకునే ఎక్కా."

నిజమే. దసరా రద్దీ మొదలైనప్పటి నుంచీ నా కుడి మణికట్టు వాచిపోయింది. నాగబాబుకి చెబితే మానెయ్యమంటాడని చెప్పలేదు. అత్తకి చెబితే దెప్పుతుందని చెప్పలేదు. ఎవరూ చూడలేదనే అనుకున్నాను.

రెండో మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆమె ముందు నేల మీద చతికిలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. భయం పోయిన ఏడుపు అది, ఎంత ఏడ్చినా హాయిగానే ఉంది. ఆమె నా కుడి చెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. సీసాలో అడుగున మిగిలిన నూనె వంపుకుని, మణికట్టు నుంచి మోచేతి దాకా రుద్దడం మొదలుపెట్టింది. ఎంత నొప్పి పెట్టినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

గుమ్మంలో నిలబడి సురేష్ చూస్తున్నాడు. "అక్కా, రేపు డ్యూటీకి చెయ్యి బాగా కడుక్కుని రా," అన్నాడు.

వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. అలాగేరా అన్నాను.